మా ఇంట్లో ఐదో పరికరం

స్కానర్ సహాయ విభాగం వారికి,
ఉద్యమాభివందనాలు.

నేనొక చిన్న మాసపత్రికకు సంపాదకుణ్ణి. లోపల ఏముందో చూపించకుండా తాళం వేసి అమ్మే సాఫ్ట్‌వేర్‌ను నా గుమ్మం దాటనివ్వను. అందుకే, ఎవరైనా తెరిచి చదువుకోగల మీ నెట్‌వర్క్ స్కానర్ పెట్టుకున్నాను. మా ఇంటి వైఫైకి ఏమేం తగులుకుని ఉన్నాయో చూపించమన్నాను. నా కంప్యూటర్, నా ఫోను, నా భార్య ఫోను, హాల్లో ప్రింటరు, మొత్తం నాలుగు రావాలి. ఐదు వచ్చాయి. ఐదోదానికి పేరు లేదు. ఎవరిదో తెలియజేయగలరు. కేవలం సాంకేతిక జిజ్ఞాసతో అడుగుతున్నాను.

మీ
సంపాదకుడు

తా.క. దాని యజమాని ఆడో మగో మీ స్కానర్ చెబుతుందా?

సంపాదకుడు గారికి,
నమస్కారం.

స్కానర్ చేసే పని చిన్నది. నెట్‌వర్క్‌లో ఉన్న ఒక్కో పరికరం దగ్గరికీ వెళ్లి, దాని తలుపులన్నీ తట్టి, ఏది తెరిచి ఉందో ఏది మూసి ఉందో రాసుకొస్తుంది. తలుపు వెనక ఎవరున్నారో, ఎందుకున్నారో దానికి తెలియదు. ఇంట్లోవాళ్లను అడగడం తేలిక.

ఇట్లు
సహాయ విభాగంలో ఒకరు

తా.క. చెప్పదు. వయసు, జీతం, అందచందాలు కూడా చెప్పదు. ముందే రాసేస్తే మీకో ఉత్తరం కలిసొస్తుందని.

సోదరా,

అడగమన్నావు. ఎలా అడగను? ‘ఎక్కడున్నావు, ఎవరితో మాట్లాడావు’ అని భార్యను నిలదీసే మొగుడు పోలీసువాడితో సమానమని రెండు వందల పేజీల పుస్తకం రాశాను. మూడో ముద్రణలో ఉంది. ఆవిష్కరణ రోజు ఆమెను వేదికమీద నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను?

అందుకని రెండు రోజులుగా ఆ ఐదోదాన్ని తట్టి చూస్తున్నాను. నేను పదింటికి రాతగదిలోకి వెళ్లి తలుపు వేసుకోగానే అది మేలుకుంటుంది. నేను భోజనానికి లేచేసరికి పడుకుంటుంది. సరిగ్గా ఆ వేళకే మా ఆవిడ వెనకగదిలో ఉంటుంది. ఉండి నవ్వుతుంది. పదకొండేళ్ల కాపురంలో నా మాటకు ఆమె అలా నవ్వగా చూడలేదు. పైగా ఆ పరికరానికి ఇరవైరెండో నంబరు తలుపు తెరిచి ఉంది. ఎక్కడో కూర్చున్న మనిషి అందులోంచి లోపలికి రావచ్చట. అంటే ఎవడో నా గడప తొక్కకుండానే నా ఇంట్లో తిరుగుతున్నాడు.

నీ
సంపాదకుడు

తా.క. నాకు అసూయ లేదు. అసూయ అనేది సొంత ఆస్తి అనే జబ్బు వల్ల ఒంటిమీద లేచే దద్దురు. దీనిమీద నేను రాసిన సంపాదకీయం జతచేస్తున్నాను. చదివి అభిప్రాయం రాయి.

సంపాదకుడు గారికి,

ఇరవైరెండో తలుపు దొంగదారి కాదు. దూరంగా ఉండే తోటి పనివాళ్లు వచ్చి పని చేసుకుపోయే దారి. తాళంచెవి ఉన్నవాళ్లే వస్తారు. మీది కాని పరికరాన్ని దాని యజమాని అనుమతి లేకుండా స్కాన్ చేయడం మర్యాద కాదు. ఆఫీసుల్లో అయితే ఉద్యోగాలు పోతాయి. రెండు రోజుల్లో రెండు వందల పన్నెండు సార్లు తట్టారు. ఒక్కసారి లేచి వెళ్లి అడిగితే సరిపోయేది.

ఇట్లు
సహాయ విభాగంలో ఒకరు

తా.క. సంపాదకీయం చదివాను. రెండో పేరా బావుంది. ‘మనిషి’ అని తొమ్మిది చోట్ల రాశారు. ఆ తొమ్మిది మందికీ మీసాలున్నాయి.

ఏమయ్యా,

రెండు వందల పన్నెండు అని నీకెవరు చెప్పారు? నేను రాయలేదే. లెక్క కూడా పెట్టుకోలేదు.

నిన్న భోజనాల దగ్గర ‘ఆ సహాయ విభాగంవాడు పొగరుబోతు’ అన్నాను. మా ఆవిడ తలెత్తి, ‘పాపం, చాలా ఓపిక ఉన్నట్టుందే’ అంది. అని, కంచంలోకి చూసి నవ్వుకుంది. నిన్ను వెనకేసుకొచ్చింది. నన్ను ఎవరైనా తిడితే మటుకు ‘తిట్టనివ్వండి, అలవాటేగా’ అంటుంది.

ఇంకొకటి కూడా కనిపెట్టాను. నేను నీకు ఉత్తరం పంపిన ప్రతిసారీ ఆ ఐదోది పావుగంట పనిచేస్తుంది. ఆ వెంటనే నీ జవాబు వస్తుంది. ఇక దాచకు. ఆ తలుపులోంచి వస్తున్నది నువ్వే. జ్ఞానం అందరిదీ అని ఊరంతా చెప్పుకుంటూ నా ఇంటికే వచ్చావు.

ఆమె నిన్ను కోరుకుంటే అడ్డం రాను. అది నా సిద్ధాంతం. కాకపోతే ఆ సిద్ధాంతం రాసినప్పుడు నాకు ముప్పై ఏళ్లు, అప్పటికి ఎవడూ రాలేదు. ఆమె పోతుందంటే ఎలా ఉంటుందో తెలియకుండా రాశాను. పుస్తకంలో ఆ అధ్యాయం తప్పు. నాలుగో ముద్రణలో తీసేస్తాను.

సంపాదకుడు

తా.క. ఆమె టీలో చక్కెర వేసుకోదు. తెలియకపోతే తెలుసుకో. తెలిసే ఉంటే నాకు రాయకు.

ఏమండీ,

సహాయ విభాగంలో ఉన్నవాడు మగాడని మీకు ఎవరు చెప్పారు? ఆడవాళ్ల సమానత్వంమీద రెండు వందల పేజీలు రాసినాయన, జవాబు తిన్నగా ఉంటే చాలు, ‘సోదరా’ అనేశారు.

నేను దాచలేదు. ఆ కంప్యూటర్ మూడేళ్లుగా వెనకగదిలో బల్లమీదే ఉంది. మీరు తట్టిన లెక్క రాసిపెట్టిందీ అదే. అక్కడ ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలు ఉంటాయని మీరు రారు. ఈ స్కానర్‌లో తప్పులు దిద్దేవాళ్లలో నేనొకదాన్నని ఒకసారి చెప్పాను కూడా. మీరు వెంటనే సాఫ్ట్‌వేర్ రంగంలో స్త్రీల వెనకబాటుతనం గురించి నలభై నిమిషాలు చెప్పారు. నేను లేచి కంచం కడుక్కున్నాను. నవ్వేది జనం రాసే ఉత్తరాలకు. ఈ వారం ఎక్కువగా మీవాటికి.

అసూయ మీ ఒక్కరిదే అనుకోకండి. మీ పుస్తకంలో ఉన్న ఆవిడంటే నాకు పదకొండేళ్లుగా కుళ్లు. ఆమెను మీరు అడగకుండానే అర్థం చేసుకుంటారు. ఆమెకోసం ఊరంతటితో పోట్లాడతారు. నేను పక్కగదిలోనే ఉన్నాను.

ఆ అధ్యాయం తీసేయకండి. తిరగరాయండి. ‘ఆమె పోతుందంటే ఎలా ఉంటుందో తెలియకుండా రాశాను’ అన్న మాటతో మొదలుపెట్టండి. దాన్ని నేను మూడుసార్లు చదివాను.

మీ
సోదరుడు

తా.క. మీరు తట్టినన్నిసార్లు కాదు గానీ, నేనూ మీ కంప్యూటర్‌ను ఒకసారి తట్టాను. ఒక తలుపు తెరిచే ఉంది. పాస్‌వర్డ్ మొదటి ఊహకే దొరికింది. పెళ్లయిన కొత్తలో మీరు నన్ను పిలిచిన పేరు. ఏ ఫైలూ చూడకుండా బయటికొచ్చేశాను. అంత తేలికైన పాస్‌వర్డ్ వెంటనే మార్చుకోమని చెప్పడం నా ఉద్యోగధర్మం. చెప్పను.