వేళ్ళకు అందే ఎత్తులో

కింద సంతకం చేసిన నేను, వయసు అరవై ఏడు, వృత్తి రెజిన్ అనే జిగురును పలకల మీద పోసి బొమ్మలు చేయడం, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. రెజిన్ వాసనకు నా మతి ఎప్పుడో పోయిందని మా అన్నయ్య కూతురు అంటుంది. ఆ మాట చెల్లదు. దీన్ని అమలు జరిపే బాధ్యత కూడా ఆ పిల్లదే.

1. నేను చేసిన బొమ్మలన్నీ, కింద చెప్పిన ఒక్కటి మినహా, మా అన్నయ్యకు సర్వహక్కులతో చెందాలి. న్యాయంగా అవి ఆయనవే. మ్యాపుల కోసం ఫొటోలు తీసే చిన్న విమానాన్ని నడిపిన మనిషి ఆయన. నిచ్చెన ఎక్కితేనే కళ్ళు తిరిగేదాన్ని నేను. ఆయనకు చూపు పోయాక, తాను పైనుంచి చూసినవన్నీ చెబుతుంటే నేను రంగులు కలిపి, పొర మీద పొర పోశాను. గట్టిపడ్డాక వేళ్ళతో తడిమి, "ఏడ్చినట్టుంది జిగురమ్మా! నది ఎక్కడైనా ఇంత తిన్నగా పోతుందటే?" అనేవాడు. మళ్ళీ పోసేదాన్ని. రంగులు మాత్రం నా ఇష్టం, వాటికి వంక పెట్టలేడు కదా.

2. సదరు బొమ్మలకు అద్దం బిగించరాదు. ఎత్తున తగిలించరాదు. కుర్చీలో కూర్చున్న మనిషి వేళ్ళకు అందాలి. మా మొదటి ప్రదర్శనలో గ్యాలరీ యజమాని "ముట్టుకోరాదు" అని బోర్డు పెట్టి, అన్నయ్య చెయ్యి పట్టి పక్కకు లాగాడు. ఆ రోజే ఆ బోర్డు పీక్కొచ్చాను. అటక మీదుంది. ఆ పెద్దమనిషికి అదొక్కటే ఇస్తున్నాను, మెళ్ళో వేసుకుని తిరగమనండి.

3. రెజిన్ తూచే త్రాసు, గరిటెలు, మాస్కులు మేనకోడలికి. ఉప్పునేల బొమ్మ కూడా దానికే. ఆరేదాకా ఆగలేక దాని మీద వేలిముద్ర వేసింది చిన్నప్పుడు. అన్నయ్య చేతికి అది తగిలి, "ఇదెవరి చెరువే?" అని పడీ పడీ నవ్వాడు. అందుకే సరిచేయలేదు.

4. ఇక అసలు సంగతి. నేను పోతే ఈ ఇంట్లో అన్నయ్య ఒక్కడే. కూతురు రమ్మంటే వెళ్ళడు. మనిషిని పెడతామంటే, "నన్నెవరూ పట్టుకుని నడిపించక్కర్లేదు" అంటాడు. ఇన్నేళ్ళూ నా భుజం పట్టుకుని నడిచిన మనిషి అనే మాటా అది! మొండిఘటం. ఆయన గురించే నాకు బెంగ.

అందుకే ఆఖరి బొమ్మను ఆయనకు చెప్పకుండా పోశాను. అందులో నదీ లేదు, ఎడారీ లేదు. కప్పు తీసేస్తే పైనుంచి కనిపించే మా ఇల్లు అది. గోడలూ గడపలూ ఎత్తుగా లేపాను. మంచం నుంచి స్నానాలగదికి, వంటగదికి, వీధి తలుపుకు దారి నున్నగా ఉంచాను. పొయ్యి ఉన్నచోట గరుగ్గా ఇసుక కలిపాను. అన్నయ్యా, రోజూ తడిమి చూసుకో. ఈసారి వంకలు పెట్టకు, గదిగదీ కొలిచి మరీ పోశాను.

5. మేనకోడలికి ఆఖరి మాట. నన్ను సాగనంపిన రోజే, కిటికీ పక్కనున్న నా కుర్చీని ఇంట్లోంచి తీసేయించు తల్లీ. బొమ్మలో దాన్ని పెట్టలేదు. మీ నాన్న తగిలి పడతాడు.

తేదీ: 2023 ఆగస్టు 11

(సంతకం) అన్నయ్య జిగురమ్మ అని పిలిచే చెల్లెలు

సాక్షులు:
పక్కింటి దర్జీ
వీధి చివర మందుల షాపాయన