గవర్నర్ వ్యాసంలో నాలుగో పేరా

ప్రియమైన నాన్నా,

‘ప్రియమైన’ కొట్టేద్దామనుకుని ఉంచాను. నోటితో పోట్లాడితే నేను ఇంగ్లిష్‌లోకి జారిపోతాను, నువ్వు ఇక్కడి ఐరిష్‌వాళ్లలా సరేలే అనడానికి బదులు ‘గ్రాండ్’ అనేసి డ్యూటీకి వెళ్లిపోతావు. అందుకే నువ్వు నేర్పిన తెలుగులోనే కోప్పడుతున్నాను.

గవర్నర్ గెరాటీ మీద వ్యాసానికి నాకు ఆరు వారాలు పట్టింది. వాళ్ల నాయనమ్మ మన ఊరు ఈ నేస్ నుంచే అమెరికా ఓడెక్కడం, వాళ్ల నాన్న పాలవ్యాన్ నడపడం, గెరాటీ లాయరై అక్కడ ఒక రాష్ట్రానికి రెండుసార్లు గవర్నర్‌గా గెలవడం, అన్నీ రాశాను. సమ్మె చేసిన నాలుగు వందల మంది నర్సులను ఒక్క సంతకంతో ఉద్యోగాల్లోంచి తీసేసిన సంగతి నాలుగో పేరాలో పెట్టాను. అందులో ఆఖరి వాక్యానికే వారం పట్టింది. శనివారం స్వాగతసభలో ఆయన ఎదుటే చదవాలి. ఇవాళ చూస్తే ఆ పేరా లేదు. అడిగితే, “నేనే తీశాను. ఊరికి వచ్చిన అతిథిని అవమానిస్తామా?” అన్నావు.

క్లాండాల్కిన్‌లో మీ మందుల ప్లాంటు రికార్డులో తప్పు పడితే చెరపకూడదు కదా. కింది అక్షరాలు కనబడేలా ఒక్క గీత గీసి, సంతకం, తేదీ వేయాలి. వైట్‌నర్ పూసిన ఒకాయన్ని ఇంటికి పంపేశారని నువ్వే గొప్పగా చెప్పావు. మాత్రలకున్న మర్యాద నా మాటలకు లేదా? అమ్మ కూడా నర్సే. ఆమె ముఖం చూడడానికైనా నీకు సిగ్గు వేయలేదా? ఆ పేరా లేకుండా నేను చదవను.

నీ కూతురు,
చరిత

చరితా, నా బంగారూ,

నాన్నకు రాసింది నేనూ చదివాను. ఆ పేరా తీసింది ఆయన కాదు, నేను. నింద తనమీద వేసుకున్నారు.

నువ్వు పుట్టకముందు గుంటూరులో నేను పనిచేసిన ఆస్పత్రిలోనూ సమ్మె జరిగింది. మూడో రోజు నేను వెనక గేటు నుంచి డ్యూటీకి వెళ్లిపోయాను. బయట నిలబడ్డ పదకొండు మందిని తీసేశారు. అందులో నా రూమ్మేట్ ప్రెయిస్ ఉంది. ‘భయపడి లోపలికి వెళ్లినవాళ్లే ఆ సంతకానికి సిరా పోశారు’ అని రాశావు నువ్వు. నలుగురిలో, నీ గొంతుతో, ఆ వాక్యం వినలేననిపించింది.

పేరా మళ్లీ దాని చోట పెట్టాను. ఒక్క మాట మార్చలేదు, నాకోసం నువ్వూ మార్చకు. శనివారం సెలవు పెట్టాను, ముందు వరుసలో కూర్చుంటాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చినప్పుడు గవర్నర్ వైపు కాదు, నా వైపు చూసి చదువు.

అమ్మ