మూత పెట్టిన సూది

కువైట్‌లో ఉన్న అమ్మకు,

నీ బిడ్డ మెహరున్నీసా సలాములు. జమ్మలమడుగులో నాయన, జేజి క్షేమం. ప్రొద్దుటూరు హాస్టల్లో నేనూ క్షేమమనే రాస్తున్నాను. ఆ ఒక్క మాట రాయడానికే చాలాసేపు పట్టింది. నువ్వు బాగున్నావని తలుస్తాను.

వారం వారం ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్లీ ఉత్తరం ఎందుకని అనుకోవద్దు. ఫోన్లో నువ్వు మాట్లాడేటప్పుడు మీ మేడమ్ పిల్లలు పక్కనే ఉంటారు. పైగా నేను 'అమ్మా' అనగానే గొంతులో తేడా పట్టేస్తావు. పోయిన వారం జలుబు చేసిందని అబద్ధం చెప్పి పెట్టేశాను. మాబున్ని చిన్నమ్మ సెలవు అయిపోయి పులివెందుల నుంచి మళ్లీ కువైట్‌కు బయలుదేరుతోంది. నీ ఉత్తరం తెచ్చిచ్చిన ఆమె చేతికే ఇది కూడా ఇస్తున్నాను. వంటింట్లో నిలబడి చదవొద్దు. నీ గదిలో కూర్చుని, తలుపు వేసుకుని చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నాయన దగ్గు తగ్గింది. దూది ఏకేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్పాను. 'కట్టుకుంటే బీడీ ఎట్ల తాగేది' అన్నాడు. ఈ జన్మకు మారడు. హాస్టల్లో అన్నం బాగానే పెడతారు, పప్పులో నీళ్లెక్కువ. కొండాపురం నుంచి వచ్చిన ప్రసూన ఇంకా నా గదిలోనే ఉంది. వాళ్లమ్మ పంపే నెయ్యి ఇద్దరం తినేవాళ్లం. సూది మందు బొమ్మకు వేయడం నేర్పుతారట నిజమేనా అని అడిగావు. నిజమే. ముందు బత్తాయి కాయకు, తర్వాత రబ్బరు చేతికి, ఆ తర్వాతే మనిషికి.

నర్సింగ్ మొదటి సంవత్సరం అన్నిటికన్నా ముందు నేర్పింది పక్క వేయడం. దుప్పటి మూలలు ఎట్లా మడవాలి, ముడత లేకుండా ఎట్లా లాగాలి, మనిషి మంచం మీద ఉండగానే కింద దుప్పటి ఎట్లా మార్చాలి, ఇవన్నీ రోజుల తరబడి చేయించారు. నాయనకు చెబితే పడీ పడీ నవ్వాడు. 'పరుపులోళ్ల బిడ్డకు పక్కెయ్యడం నేర్పుతాండారా? ఫీజు మనమే అడగాల్సింది పాపా' అన్నాడు. ముడత ఉంటే కదలలేని రోగి వీపు పుండు పడుతుందని చెబితే మాత్రం నవ్వు ఆపి, చేతిలోని పరుపును అరచేత్తో తడిమి చూసుకున్నాడు.

చేతులు కడుక్కోవడం, నాడి చూడడం, పిలిచినా పలకని మనిషికి గుండె మీద నొక్కడం, చనిపోయినవాళ్లకు కళ్లు మూసి ఒళ్లు తుడవడం, అన్నీ నేర్చుకున్నాం. సూది విషయంలో మాత్రం నాకు ఎవరూ పెద్దగా నేర్పాల్సిన పని రాలేదు. రబ్బరు చేతికి మొదటిసారి వేయగానే మా టీచరమ్మ ఆగి, 'ఎక్కడ నేర్చుకున్నావు?' అంది. 'మా అమ్మ బొంతలు కుడుతుంది' అన్నాను. క్లాసంతా నవ్వారు. నాకు మాత్రం గర్వంగానే ఉండింది. ఆ గర్వమే నా కొంప ముంచింది.

నువ్వు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఒకటి అడిగావు. మీ మేడమ్ ఇంకో రెండేళ్లు అక్కడ ఉండేందుకు అకామా కొట్టిస్తానంటోంది, ఉండమంటావా, వచ్చేయమంటావా అని. దానికి చివర రాస్తాను. ముందు ఇది చదువు.

ఈమధ్య మాకు ఆడవాళ్ల వార్డులో డ్యూటీ పడింది. అక్కడ ఒకామె ఉంది. గండికోట డ్యామ్ నీళ్లకు ఊరు మునిగి కాలనీకి మారిన కుటుంబం. గొర్రెలు మేపుకునే మనిషి. ఆమె పేరు రాయను. రోగి సంగతి వార్డు గడప దాటకూడదని మాకు నేర్పారు. ఆమెకు నడుముకింద ఇంజెక్షన్ వేయమని మా ఇన్‌ఛార్జి రుక్సానా సిస్టర్ నాకు అప్పజెప్పి పక్కనే నిలబడింది. ఆమె భయపడకుండా గొర్రెల సంగతి అడుగుతూ వేశాను. 'చీమ కుట్టినట్ల గూడా లేదు పాపా' అంది. నా మొహం వెలిగిపోయి ఉంటుంది.

అప్పుడు జరిగింది అమ్మా. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు. మూత పెట్టబోతే సూది తప్పి వేలికి దిగుతుంది. ఎట్లా ఉన్నదాన్ని అట్లానే పక్కనున్న డబ్బాలో పడేయాలి. మా క్లాసులో మొదటి రోజే ఇది పైకి అనిపించారు. పరీక్షలో కూడా రాశాను. కానీ నా చేతికి అంతకంటే ముందు నేర్చుకున్న పాఠం ఒకటి ఉంది. నువ్వు పరుపు కుట్టడం ఆపి లేచిన ప్రతిసారీ సూదిని బెండు ముక్కకు గుచ్చేదానివి. నేను మరిచిపోతే నెత్తిన మొట్టేదానివి. 'సూదిని ఉత్తగా పెట్టాకు మే, దూదిలో కల్సిపోతే పడుకున్నోళ్ల ఈపులో దిగుతాది' అనేదానివి. ఆ రోజు సిస్టర్ మెచ్చుకుంటుందేమోనని ఆమె మొహం వైపు చూస్తున్నాను. నా చేయి నన్ను అడక్కుండా ట్రేలోని మూత తీసి సూదికి పెట్టబోయింది. మూత పక్కకు పోయింది. సూది గ్లౌజులో నుంచి నా బొటనవేలికి దిగింది.

ఇంకో తప్పు కూడా చేయబోయాను. గ్లౌజు లాగేసి వేలు నోటి దగ్గరికి తీసుకుపోయాను. మన ఇంట్లో సూది గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకుని చప్పరించడమే కదా మందు. రుక్సానా సిస్టర్ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. 'నోట్లో పెట్టుకోవద్దు మెహరూ. పిండొద్దు. కుళాయి కింద పెట్టు' అంది. అరవలేదు. ఆమె మెల్లగా చెప్పినందుకే నాకు ఎక్కువ భయమేసింది.

సబ్బుతో కడుక్కున్నాను. ఒక రోగి ఒంట్లో దిగిన సూది ఇంకొకరికి దిగితే రక్తంతో వచ్చే జబ్బులు అంటుకోవచ్చు. కామెర్ల జబ్బుకు మాకు కాలేజీలో చేరగానే టీకాలు వేశారు. హెచ్ఐవీకి టీకా లేదు. ఆ పేరు నీకు రాయాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. దడుచుకోవద్దు. సూది గుచ్చుకున్న వాళ్లలో శానామందికి ఏమీ కాదట. వెంటనే మాత్రలు మొదలుపెడితే ఆ కొంచెం భయం కూడా ఇంకా తగ్గుతుందట. సిస్టరే నన్ను ఆటోలో ఆ మాత్రలిచ్చే ఆసుపత్రికి తీసుకుపోయి, అదే పూట మాత్రలు ఇప్పించింది.

దానికన్నా ముందు ఆ రోగిని అడగాల్సి వచ్చింది. ఆమె రక్తం పరీక్ష చేయాలంటే ఆమె ఒప్పుకోవాలి. డాక్టరు తానే అడుగుతానంది, నేనూ పక్కన నిలబడతానన్నాను.

'నా రగతం ఎందుకు మల్లా?' అంది ఆమె.

డాక్టరు చెప్పింది. ఆమె నా బొటనవేలి వైపు చూసింది.

'నాకేసిన సూదేనా పాపా?'

'అవునవ్వా. తప్పు నాదే.'

'పెండ్లి గావాల్సిన పిల్లవి. తీసుకో, యెంత గావాలంటే అంత తీసుకో' అని చేయి చాపింది. నేను ఆ చేయి పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది. 'వద్దులే. నా రగతంలో ఏముందో ఏమో. నన్ను ముట్టుకోవాకు' అంది. ఇద్దరం ఒకరిని చూసి ఒకరు భయపడ్డాం. అయినా నేను పట్టుకున్నాను. చేయి ముట్టుకుంటే అంటదని చెప్పాను.

ఆమె రిపోర్టు వచ్చింది. అందులో ఏముందో నీకు కూడా చెప్పను. నేను నర్సునై, నర్సుల కౌన్సిల్లో నా పేరెక్కాక కూడా చెప్పను. నా మాత్రలు మాత్రం ఆపమనలేదు. అంతకన్నా అడగొద్దు.

నాకు చేసిన మొదటి పరీక్షలో ఏమీ లేదు. కానీ అది సూది గుచ్చుకోకముందు సంగతే చెబుతుందట. నెల పాటు రోజూ మాత్ర వేసుకోవాలి. ఆ తర్వాత ఒక పరీక్ష, కొన్నాళ్లు ఆగి ఇంకో పరీక్ష. అప్పటిదాకా ఎవరూ ఖాయంగా ఏమీ చెప్పలేరు. ఈ మాత్రకు పొద్దున పూట వాంతి వస్తోంది. బాత్‌రూములోంచి వస్తుంటే ప్రసూన గుమ్మంలో నిలబడి, 'ఏంది మే, రోజూ కక్కుతాండావు? నాకు చెప్పరానిదా?' అంది. ఏమనుకుందో అర్థమైంది. అరగడం లేదని చెప్పాను. నెయ్యి తినడం మానేశాను, నమ్మాలని.

ఆదివారం ఇంటికి పోయాను. నాయనకు చెప్పలేదు. చూపు ఆనడం లేదని దబ్బనంలో దారం ఎక్కించమన్నాడు. మొన తగలకుండా దూరంగా పట్టుకున్నాను, దారం ఎక్కలేదు. 'సూదిని జూసి బయపడతాండావేంది పాపా, సూదులేసే సదువు సదువుతా' అని నవ్వాడు. ఎట్లాగో ఎక్కించాను. ఆయన నీళ్లు తాగడానికి లేచినప్పుడు నేను పరుపు ఒక మూల కుట్టి, జేజి పిలిస్తే లేచిపోయాను. బెండు పక్కనే ఉంది. దానివైపు చేయి పోలేదు. ఇప్పుడు సూదికి ఏదైనా తొడగాలంటేనే నాకు ఒళ్లు జలదరిస్తోంది. దబ్బనాన్ని దూది మీదనే వదిలేశాను.

వచ్చి చూస్తే కనపడలేదు. నాయన కుట్లన్నీ విప్పి, దూది పిడికెడు పిడికెడు తీసి అరచేత్తో నొక్కి చూశాడు. సాయంత్రం దాకా అదే పని. 'దొరక్కుంటే ఈ పరుపు అమ్మేది లేదు. రేపు దీనిమింద ఎవురో బాలింత పండుకుంటాది' అన్నాడు. దొరికాక దాన్ని బెండుకు గుచ్చి, 'మీయమ్మ నేర్పింది అప్పుడే మర్సిపోయినావా?' అని అడిగాడు. మరిచిపోలేదు నాయనా, మరిచిపోకపోవడం వల్లనే కదా ఇదంతా అని అనలేక దూది సర్దుతూ ఏడ్చాను. కంట్లో నలుసు పడిందనుకున్నాడు.

నిన్ను తప్పు పట్టడానికి ఇది రాయలేదు. మన ఇంట్లో సూదిని బెండుకు గుచ్చడమే సరైన పద్ధతి, వార్డులో మూత పెట్టకపోవడమే సరైన పద్ధతి. రెండింటి మధ్య నా చేయి తికమకపడింది. అంతే.

నేను కోర్సు పూర్తిచేసి కువైట్‌కు నర్సుగా వస్తే, నువ్వు ఇంటికి పోవచ్చని కదా మనం అనుకున్నది. అక్కడికి రావాలంటే ముందు రక్తపరీక్ష. మన వీధి ఖలీల్ మామ గుర్తున్నాడా? ఊపిరితిత్తుల్లో మచ్చ ఉందని మెడికల్‌లో అన్‌ఫిట్ చేసి వెనక్కి పంపారు. ఆ తర్వాత ఆయనకు ఊళ్లో పేరే లేకుండా పోయింది. అన్‌ఫిట్ ఖలీల్ అనే పిలిచేవాళ్లు. రోజూ రాత్రి పడుకోబోయే ముందు ఆ మాట పక్కన నా పేరు పెట్టి చూసుకుంటున్నాను. భయమేస్తోంది అమ్మా. పగలు వార్డులో అందరికీ ధైర్యం చెబుతూనే, లోపల భయంతో చచ్చిపోతున్నాను.

ఒక సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఈ జబ్బు గ్లాసుతో అంటదు, కంచంతో అంటదు, పక్కన కూర్చుంటే అంటదు. పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అయినా మాత్రలు మొదలుపెట్టిన రోజే హాస్టల్లో నా గ్లాసు తీసి కిటికీ మీద విడిగా పెట్టుకున్నాను. ఎవరూ పెట్టమనలేదు. నేనే పెట్టుకున్నాను.

ఖలీల్ మామ మన ఇంటికి వచ్చి నీళ్లు తాగిపోయాక, జేజి ఆయన గ్లాసును బూడిదతో తోమి గూట్లో విడిగా పెట్టింది. నువ్వు జేజితో గొడవ పెట్టుకోలేదు. ఆమె నమాజుకు కూర్చోగానే ఆ గ్లాసు తీసి మన గ్లాసుల్లో కలిపేశావు. ఏది ఏదో తెలియకుండా అన్నీ ఒకసారి అటూ ఇటూ జరిపావు. నేను చూశాను.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. నువ్వు అడిగినప్పుడల్లా ఇంకొన్నాళ్లు ఉండమ్మా అనే చెప్పాను. ఈసారి చెప్పలేను. అకామా కొట్టించుకోవద్దు. రిపోర్టు ఏదైనా రానీ, నువ్వు వచ్చేయి. వచ్చి నా గ్లాసు అందరి గ్లాసుల్లో కలుపు.

ఇట్లు,
నీ చేతి పని నేర్చుకున్న బిడ్డ,
మెహరు