యాకోబు చెప్పిన ముగింపు

ఆదివారం రాత్రి, మొయినాబాద్

ఒకప్పుడు టీవీలో వచ్చిన హిందీ రోబో సీరియల్ గురించి మా పేపరు కోసం ప్రేక్షకుల అభిప్రాయాలు అడగడానికి ఇవాళ ఎంకపల్లి వెళ్లాను. అట్టపెట్టెల రోబో, దారానికి వేలాడే రాకెట్. అందరూ నవ్వుతూనే చెప్పారు. ముగింపు మాత్రం అందరూ ఒకేలా చెప్పారు: రోబో తల్లిని వెతుక్కుంటూ చంద్రుడి మీదికి పోతుంది.

సీరియల్‌లో అలా లేదు. నిన్ననే ఆఖరి భాగం చూశాను. రోబో పాడైందని విప్పి పడేస్తారు.

అప్పట్లో ఊళ్లో హిందీ బాగా వచ్చింది చర్చి పెద్ద యాకోబు ఒక్కరికే. చర్చి అయ్యాక టీవీ పక్కన నిలబడి కథ తెలుగులో చెప్పేవారట. ఆయన ఇప్పుడు లేరు. భార్య శాంతమ్మను అడిగాను.

"అవ్వా, తాత కావాలనే మార్చి చెప్పిండా?"

"మార్చకుంటె ఎట్ల బిడ్డా? ముందు కూసున్న పోరలు అప్పటికే ఏడుస్తున్నరు. ఇప్పి పారేసిన్రని ఎట్ల చెప్తడు?" నవ్వింది. కాసేపటికి గొంతు తగ్గించి అడిగింది. "పేపర్ల గది రాస్తవా? చర్చి పెద్ద అబద్ధమాడిండంటరు గద."

నోట్‌బుక్ మూసి వచ్చేశాను.

ఇంటికొచ్చి రెండు ముగింపులూ రాశాను. పిల్లలు ఏడుస్తున్నారని మార్చారనీ రాశాను. అదీ నిజమే కదా. రేపు ఆఫీసుకు పంపేముందు అవ్వకు చదివి వినిపిస్తాను. ఇన్నేళ్లలో ఎవరికీ అలా వినిపించలేదు.

వద్దంటే ఏం చేస్తానో తెలియదు.