మా ఇంట మొలిచిన జిల్లేళ్ళు

నేను, ఈ ఇంటి కూతురిని, వృక్షశాస్త్రం చదువుతున్న డిగ్రీ విద్యార్థినిని, పంతొమ్మిదేళ్ళు నిండినదాన్ని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా సొంత దస్తూరీతో రాస్తున్న వీలునామా ఇది. ఇక్కడ 'స్వస్థచిత్తంతో' అని రాయాలట. ఆ మాట నాకెంతో నచ్చింది. చిత్తం స్వస్థంగానే ఉంది, గుండెలో ఒక కవాటమే సరిగ్గా మూసుకోవడం లేదు. వచ్చే వారం ఆపరేషన్. భయపడాల్సిందేమీ లేదని డాక్టరు అన్నారు, నర్సు అంది, లిఫ్టు నడిపే ఆయన కూడా అన్నాడు. ఇంతమంది అన్నారు కాబట్టే రాస్తున్నాను.

1. నా చేతి గడియారం, చెవి దిద్దులు, పాఠ్యపుస్తకాలు అమ్మకి. నిఘంటువు కాలేజీ లైబ్రరీకి. నచ్చిన మాటల కింద పెన్సిలు గీతలున్నాయి. చెరపవద్దని మనవి.

2. పెరట్లో తీగ మీదున్న అన్నయ్య నీలం చొక్కా నాది కాదు, కనుక ఎవరికీ రాయలేను. అన్నయ్య బస్సుల షెడ్డులో మెకానిక్. రెండేళ్ళ కిందట జాకీ జారి, బస్సు కిందే ఉండిపోయాడు. ఆ పొద్దున ఆరేసిన చొక్కాని అమ్మ ఇంతవరకూ తియ్యలేదు. ఎండకి నీలం పోయి బూడిదరంగైంది. అన్నయ్య భోజనానికొచ్చే వేళకి పెరటి తలుపు గడియ ఇప్పటికీ చప్పుడు చేస్తుంది, గాలి లేని పూట కూడా. గడియకి నూనె రాశాను. తాడు బిగించి కట్టాను. చప్పుడు ఆగలేదు. దాన్ని కూడా ఎవరికీ రాయడం లేదు. ఎవరికి వినిపిస్తే వాళ్ళది.

3. గోడ వారనున్న జిల్లేడు మొక్కలన్నీ, వాటి మీది పురుగులతో సహా, పక్కింటి పిన్నికి చెందవలెను.

ఆమె వరసకి పిన్ని కాదు, పిలుపుకి పిన్ని. మా తూము నీళ్ళు తన వాకిట్లోకి పోయాయని ఒక పొద్దున గోడ మీంచి తిట్టిపోసింది. ఆఖరున "మీ ఇంట జిల్లేళ్ళు మొలవ!" అంది. కొంప పాడుబడాలని దాని అర్థం. అన్నయ్య నోట్లో బ్రష్షుతోనే "విత్తనాలు నువ్విస్తావా పిన్నీ, మమ్మల్నే కొనుక్కోమంటావా?" అన్నాడు. పిన్ని చటుక్కున అటు తిరిగింది. భుజాలు కదలడం చూసి నవ్వుతోందని తెలిసింది.

ఆ నెలలోనే అన్నయ్య పోయాడు. తరవాతి వానకి గోడ మొదట్లో జిల్లేడు మొలిచింది.

అమ్మ దాని మీద మరిగే నీళ్ళు పోసింది. మళ్ళీ చిగురేసింది. పిన్ని మా వైపు కిటికీ మూసేసింది. మాతో మాటలే కాదు, కూరలాయనతో బేరమాడటం కూడా మానేసింది.

నేను సెలవులకొచ్చి చూస్తే ఆకులు కొరికి ఉన్నాయి. నలుపు, పసుపు, తెలుపు చారల గొంగళిపురుగులు! నారింజ రెక్కలకి నల్ల అంచున్న సీతాకోకచిలుక ఇలాంటి పాలచెట్ల మీదే గుడ్లు పెడుతుంది. పురుగులు ఆ ఆకులోని విషాన్ని తిని ఒంట్లో దాచుకుంటాయి. పిట్టలు వాటి జోలికి రావు. కొమ్మలు నరికి గోడ పొడుగునా నేనే నాటాను. "చదువుకున్నదానివి, చేతులారా కొంప పాడుపెట్టుకుంటావా?" అని వీధిలోవాళ్ళు. "నీకేమన్నా అయిందంటే ఆ చెట్లని వేళ్ళతో సహా పీకి పారేస్తా" అని అమ్మ.

అందుకే ఈ వీలునామా. ఆ పీకే చప్పుడు మూసిన కిటికీ వెనక పిన్నికి వినిపిస్తుంది. తన నోటిమాట ఇద్దర్ని పొట్టన పెట్టుకుందనుకుంటుంది. కనుక స్పష్టపరచడమైనది: అన్నయ్య పోయింది జాకీ జారి. నేను పోతే కవాటం వల్ల. పిన్ని మాటకి మొలిచినవేమైనా ఉంటే ఈ మొక్కలే. వాటికి సీతాకోకచిలుకలొచ్చాయి.

4. స్థిరచరాస్తుల వివరం. పాకినంతకాలం గొంగళిపురుగు చరాస్తి. ప్యూపాగా మారి వేలాడితే స్థిరాస్తి. రెక్కలొచ్చాక అసలు ఆస్తే కాదు. లేతాకుపచ్చ ప్యూపా ఒకటి అన్నయ్య చొక్కా జేబు అంచుని పట్టుకుని వేలాడుతోంది. అది ఎగిరేదాకా చొక్కా తియ్యరాదు. ఆ తరవాత అమ్మ ఇష్టం.

5. మొక్కలకి పురుగుమందు కొట్టరాదు. ఆకు తుంచితే పాలు కారతాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఏడవదలచినవారు ముందు చేతులు కడుక్కోవాలి.

6. అమలు బాధ్యత అమ్మది. మొక్కలు పిన్నివి, పెరడు అమ్మది. ఇద్దరూ మాట్లాడుకోక తప్పదు.

సంతకాల వేళ జరిగింది కూడా ఇందులో చేరుస్తున్నాను. సాక్షిగా మందుల షాపు మావయ్య వచ్చారు. ఆయన వెనకే పిన్ని. ఆయనే చెప్పినట్టున్నారు. పైదంతా చదివి వినిపించాను. పిన్ని పెన్ను కోసం చెయ్యి చాపింది. ఆస్తి పొందేవాళ్ళు సాక్షి సంతకం పెడితే వాళ్ళకి రాసిన అంశం చెల్లదని వివరించాను.

"చెల్లకపోతేనే మంచిది. నీ చెట్లకి నువ్వే వచ్చి నీళ్ళు పోసుకోవే పిల్లా" అంది. రెండేళ్ళకి విన్న గొంతు, బొంగురుపోయి ఉంది.

తను సంతకం పెడుతుండగా గడియ చప్పుడైంది. మావయ్య మాత్రం తనెక్కడ సంతకం పెట్టాలని అడుగుతున్నారు. అమ్మ తల తిప్పింది. నేనూ తిప్పాను. మా ఇద్దరికన్నా ముందే పిన్ని అటు చూస్తోంది.

తేదీ: ఆపరేషన్‌కు ముందటి ఆదివారం, మధ్యాహ్నం భోజనాల వేళ
సంతకం: ఈ ఇంటి కూతురు
సాక్షులు:
మందుల షాపు మావయ్య
పక్కింటి పిన్ని (మూడో అంశం చెల్లదని తెలిసే)