మూడో రొట్టె

నవంబరు 3, 1452

పరాయి ఊళ్ళో పని చేసుకునే తమ్ముడు ఫోర్తున్ ఇప్పుడు మా ఇంటి నేలమాళిగలో, వైన్ పీపాల వెనక ఉన్నాడు. దొరసాని అడవిలో లేడిని కొట్టాడు. కావలివాళ్ళకి ముఖం కనపడలేదు, మా ఊళ్ళోకి పరిగెత్తాడని మాత్రం తెలుసు. దొరికితే ఉరి. దొరసాని వాళ్ళ ఒసర్నా వంశం ఈ కొండ మీద కోట కట్టిన నాటి నుంచి శిక్ష అదే. నాకు భయంగా ఉంది. రాస్తే తగ్గుతుందేమోనని రాస్తున్నాను.

నవంబరు 6

రొట్టెలు కాల్చే రోజు. ఇంట్లో కాల్చుకోకూడదు, దొరసాని పొయ్యికే తీసుకెళ్ళాలి. ఏ ఇంటి రొట్టె మీద ఆ ఇంటి ముద్ర. పొయ్యి చూసే ఉర్రాకాకి ఏ ఇంట్లో ఎంతమంది తింటారో కంఠతా వచ్చు. ఈసారి ఆమె పక్కన కోట అధికారి రూయ్ నిలబడ్డాడు. మనిషికో రొట్టె, అంతకు మించితే తనకి చెప్పాలట.

మా ఇంట్లో అమ్మా నేనూ, రెండు రొట్టెలు. రెండూ కాస్త పెద్దవి చేశాను. ఉర్రాకా చేత్తో ఎత్తి చూసి, ఏంటే మెన్సియా, మీ అమ్మకి ఈ వయసులో ఆకలి పెరిగిందా అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. 

నవంబరు 9

ఫోర్తున్ దగ్గుతున్నాడు. అది వినపడకుండా పొద్దుటి నుంచీ తోమిన గిన్నెలే తోముతున్నాను.

నవంబరు 13, మధ్యాహ్నం

మళ్ళీ రొట్టెలు కాల్చే రోజు. అమ్మకి మతిమరుపు. ఫోర్తున్ చిన్నప్పుడు వాడికని ఒక బుల్లి రొట్టె చేసి, నడుమ బొటనవేలు నొక్కేది. నేను నీళ్ళకి వెళ్ళినప్పుడు ఈ రోజూ అదే చేసి, నా బుట్టలో అడుగున పెట్టింది. నేను చూసుకోలేదు.

ఉర్రాకా బుట్ట తీసుకుని బల్ల మీద అందరి రొట్టెల మధ్య బోర్లించింది. కాసేపటికి రూయ్ వచ్చి ముద్ర లేని ఆ రొట్టె ఎత్తి, ఇది ఎవరిది అన్నాడు. నడుమ బొటనవేలి గుంట చూసి అది అమ్మ పనేనని తెలిసింది. నాదే అయ్యా, నా కోసం చేసుకున్నా అంది ఉర్రాకా.

పొయ్యి చూసే మనిషి పిండి కలపదు. ఇంటింటి నుంచి కూలిగా వచ్చిన రొట్టే తింటుంది. అది రూయ్‌కీ తెలుసు. ఎవణ్ణి దాచావే ముసలీ అంటూ ఆమెను కోటకి ఈడ్చుకెళ్ళాడు. ఆమె నా వైపు చూడలేదు.

నేను నా రెండు రొట్టెలూ కాలేదాకా నిలబడి, తీసుకుని ఇంటికొచ్చాను. నా అంత పిరికిది ఈ ఊళ్ళో లేదు.

నవంబరు 14

ఉర్రాకా రాలేదు.

నవంబరు 15

ఇవాళా రాలేదు. ఫోర్తున్‌కి చెప్పాను. నేను పోయి లొంగిపోతానక్కా, నా మూలాన ఆ పెద్దావిడ చావాలా అన్నాడు. తలుపుకి అడ్డంగా కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, ఉర్రాకా పోయినా ఫర్వాలేదు, వీడు ఉంటే చాలు అనిపించింది.

నవంబరు 17

దొరసాని బ్రియాందా పిలిపించింది. చెయ్యి ముద్దు పెట్టుకున్నాను. ఎంతో మర్యాదగా మాట్లాడింది, దాంతో ఇంకా భయమేసింది. ఉర్రాకా నోరు విప్పలేదట, ఇక విప్పదట. నీకు చదువొచ్చటగా అమ్మాయ్, ఇకనుంచి పొయ్యి నువ్వు చూడు, ఎవరింట్లో రొట్టె పెరిగిందో మాకు చెప్పు అంది. కాదంటే ఎందుకని అడుగుతుంది. సరే దొరసానీ అన్నాను.

నవంబరు 20

రూయ్ అడిగాడు, ఈ వారం ఎవరింట్లో పెరిగిందని. ఎవరింట్లోనూ పెరగలేదు. అదే చెప్పాను. నమ్మలేదు. అయితే అన్ని ఇళ్ళూ వెతుకుతాం, మీ ఇంటితోనే మొదలుపెడదామా అన్నాడు.

పక్కింటి బెర్తా పేరు చెప్పాను.