పెళ్లి కాలేదు గదా

జనవరి 9
మళ్లీ పొత్తికడుపులో నొప్పి. పురసవాక్కంలో మా ఫ్యామిలీ డాక్టర్ అనంతరామయ్య గారి దగ్గరికి అమ్మే తీసుకెళ్లింది. నొప్పి నాది, ఆయన చూసేది అమ్మ మొహం. ప్రతి ప్రశ్నకూ అమ్మే జవాబు. మా ప్రణవికి పెళ్లి కాలేదు గదా, ఇంకేముంటాది సార్ అని నవ్వింది. ఆయనా నవ్వి, యూరిన్ ఇన్‌ఫెక్షన్ అని రాశారు. ప్రేమించిన కార్తీతో ఏడాదిన్నర గడిపిన సంగతి అమ్మ పక్కన కూర్చుని ఎలా చెప్పను? ఇరవై మూడేళ్లొచ్చి బొమ్మలా కూర్చున్నాను. ఛీ.

జనవరి 16, ఆఫీసులో
మా అంబత్తూరు ఫ్యాక్టరీలో హెల్త్ క్యాంప్. షుగర్, థైరాయిడ్, విటమిన్ డి, ఆఖరికి చెవులు కూడా చూశారు. ఎస్టీడీ టెస్టు, అదే సుఖవ్యాధులది, ఉందా అని నర్సును మెల్లగా అడిగాను. అదెల్లాం ఈడ లేదమ్మా, కల్యాణం కాని పిల్లవి, నీకెందుకది అని గట్టిగా అంది. క్యూలో ఎవడో కిసుక్కుమన్నాడు.

జనవరి 24
విడిపోయిన నాలుగు నెలలకు కార్తీకి ఫోన్ చేశాను. పోయిన జూన్‌లో యూరిన్‌కు వెళ్తే మంటగా ఉండేదట. ఫ్రెండ్ చెప్పిన మాత్రలు రెండు మింగితే తగ్గిందట. నాకు చెప్పాలని తోచలేదట.

ఫిబ్రవరి 3
నొప్పి తగ్గలేదని అమ్మ ఒక్కతే అనంతరామయ్య గారి దగ్గరికి వెళ్లి మాత్రలు మార్పించుకొచ్చింది.

ఫిబ్రవరి 14
టి. నగర్‌లో ముక్కూమొహం తెలియని లేడీ డాక్టర్. ఒక్కదాన్నే వెళ్లాను. ఎవరితో, ఎప్పుడు, కండోమ్ వాడారా అని కూరగాయల ధర అడిగినంత మామూలుగా అడిగింది. అన్నీ చెప్పేశాను. చెప్పాక ఏడుపు ఆగలేదు.

ఫిబ్రవరి 18
రిపోర్టు వచ్చింది. క్లమీడియా, ఆ అంటుకునే జబ్బే. గర్భసంచి పక్కన ఎడమ ట్యూబ్ వాచింది. ఇంజెక్షన్, పద్నాలుగు రోజుల మాత్రలు. మొదట్లోనే టెస్టు చేసుంటే ఇంతదాకా వచ్చేది కాదంది డాక్టర్. పిల్లలు పుడతారా అన్నాను. ఇప్పుడే చెప్పలేనంది.
కార్తీ కూడా చూపించుకోవాలట. మెసేజ్ పెడితే బ్లాక్ చేశాడు వెధవ. ఇప్పుడు వాడితో తిరుగుతున్న పిల్లకు ఎవరు చెప్తారు?
అందరి మీదా అసహ్యంగా ఉంది. జనవరిలో నోరు మూసుకున్న నా మీద ఇంకా ఎక్కువ.

ఫిబ్రవరి 19
అమ్మకు చెప్పాను. లేచి నా టవల్ తీసి విడిగా ఆరేసింది.

ఫిబ్రవరి 25
అమ్మ నా రిపోర్టు పట్టుకెళ్లి అనంతరామయ్య గారికి చూపించింది. ఆయన మా ఫైలులో ఎక్కించలేదట. సంబంధాలు చూసే టైం గదమ్మా అన్నారట.
అమ్మ ఆయనకు దణ్ణం పెట్టి వచ్చింది.